గేటు దగ్గర పిలుపు

ఏడు వేల మూడువందల వరసలు ఒకే ఫైల్లో ఉంటే దాన్ని ప్రోగ్రామ్ అనరు, అటక అంటారు. ఒగ్వెనో మాస్టారు రాసిన పైథాన్ ప్రోగ్రామ్ అలాంటి అటకే. అందులో లేనిదంటూ లేదు. కాకపోతే వెతికేవాడు మాస్టారే అయి ఉండాలి.

ఆయన్ని తప్పుపట్టేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఆరేళ్ల కిందట అది మూడంటే మూడు రేవుల కోసం రాసింది. విక్టోరియా సరస్సు సంగతి తెలిసిందే కదా, పొద్దున కదలకుండా పడుకున్న నీళ్లు మధ్యాహ్నానికి లేచి పడవల్ని మింగేస్తాయి. మాస్టారు స్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. యాభై అయిదు దాటాక పైథాన్ నేర్చుకుని, పది నిమిషాలకోసారి గాలినీ మెరుపుల్నీ చూసి, ప్రమాదమనిపిస్తే ఆ రేవు జాలర్ల ఫోన్లకు కబురు పంపే ప్రోగ్రామ్ రాశారు. మూడు రేవుల వాళ్లూ బతికి బట్టకట్టారు. అది చూసి పక్క రేవులవాళ్లు మాకూ కావాలన్నారు. మూడు పదమూడయ్యాయి, పదమూడు నలభై ఒకటయ్యాయి. వచ్చిన చుట్టానికల్లా ఓ పంచ దించుకుంటూ పోతే ఇల్లు ఏమవుతుంది? అదే అయింది.

సరస్సు ఒడ్డు పట్నం కిసుములో స్పేర్‌పార్ట్స్ దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. అకేయో అక్కడ చేరి రెండేళ్లు. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఆఫీసు వంటగదిలో చక్కెర డబ్బా మీద ‘చక్కెర’ అనీ, ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అనీ చీటీలు అంటించింది ఆమే. మాస్టారి ఫైలు తెరిచినప్పుడల్లా ఆమెకు తల తిరిగిపోయేది.

“అలెగో పిల్లా, మీ ఊళ్లో చేపలకి కూడా చీటీలు కడతారా?” అనేవారు మాస్టారు, పుట్టిన ఊరిని పట్టుకుని.

“కడితే తప్పేంటి మాస్టారూ? మీ ఫైల్లో చేపెక్కడుందో ముల్లెక్కడుందో తెలిసేది.”

ఆయన పగలబడి నవ్వేవారు. నవ్వారు గాని ఆ మాట మనసులో పెట్టుకున్నారు. మర్నాడో ఆ మర్నాడో ఓ కాగితం తెచ్చి ఆమె ముందు పరిచారు. దాని మీద తమ లువో జాతి ఇంటి ఆవరణ ఒకటి గీసి ఉంది.

“మనం ఇల్లు కట్టుకున్నట్టే ప్రోగ్రామ్ కోడూ కడదాం. ఇదిగో గేటు, రంగాచ్. గేటుకెదురుగా పెద్దభార్య ఇల్లు, మికాయి. అసలు పనంతా ఇందులో. ఇది గాదె, దెరో. గాలి లెక్కలూ మెరుపుల లెక్కలూ ఇందులో పోద్దాం. ఇక్కడ గేటు పక్కన పెళ్లికాని కొడుకు గుడిసె, సింబా. ఎవడి చోటు వాడిది. చోటు తప్పిందో, చిరా పట్టుకుంటుంది.”

చిరా అంటే ఇంటి క్రమం తప్పినవాణ్ణి పట్టి పీల్చే శాపం. అకేయో నవ్వింది. “కోడుకి కూడా పడుతుందా మాస్టారూ?”

“కోడుకి పట్టదు. రాసినోడికి పడుతుంది.”

పోలిక బాగానే కుదిరింది. పైథాన్లో ఒక ఫైలు మరో ఫైల్ని పేరుపెట్టి పిలవాలి. పిలిస్తే అది లేస్తుంది, లేచి తన రేవు పేరు హాజరుపట్టీలో రాయించుకుంటుంది. పిలవకపోతే అది ఉన్నా లేనట్టే. లేదని గొడవ చేసేవాళ్లూ ఉండరు, ఎర్రటి తప్పు ఏదీ తెర మీద కనబడదు. అందుకే ఎవరెవర్ని పిలవాలో ఆ పిలుపులన్నీ మాస్టారు గేటు ఫైల్లో వరసగా పెట్టారు. వాటి నెత్తిన తమ భాషలో ఓ మాట రాశారు: పిలిస్తేనే వస్తాడు.

సగం ఇల్లు సర్దారో లేదో ఆయన మూత్రపిండాలు మొరాయించాయి. జనవరిలో ఆస్పత్రిలో చేరారు. ఆఫీసు చూసే ఒయుగి అకేయోని పిలిచి, “మార్చి వానల్లోపు మిగతాది నువ్వు పూర్తిచెయ్యాలమ్మాయ్. ఇంకో ఇరవై రేవులు క్యూలో ఉన్నాయి. ఈ కొంపలో కొత్త మనిషి అడుగుపెడితే మళ్లీ బయటికి దారి దొరకదు,” అన్నాడు.

అకేయో మూడు వారాలు దీక్షగా పనిచేసింది. ఒక్కో రేవుకీ మాస్టారు విడివిడిగా రాసిన గుడిసెల్ని తీసేసి, రేవుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఒకే పట్టికలోకి చేర్చింది. రెండుసార్లు రాసిన లెక్కల్ని ఒకటి చేసింది. ఏడు వేల వరసలు రెండు వేల ఏడువందలయ్యాయి. సాయంత్రం బస్సెక్కినప్పుడు ఆమె ముఖం చూస్తే అప్పుడే తలంటు పోసుకొచ్చినట్టుండేది.

చివరికి గేటు దగ్గర ఓ వరస మిగిలింది. ‘సింబా నుంచి ఒపొండోని పిలువు’ అని ఉంది అందులో. ఆ వరస తెర మీద బూడిదరంగులోకి మారి, పక్కన చిన్న సూచన కనబడింది: ఈ పేరును పిలిచారు గాని ఎక్కడా వాడలేదు.

ఒపొండో ఎవరో ఆఫీసులో అందరికీ తెలుసు. మాస్టారికి ఒక్కగానొక్క కొడుకు. తొమ్మిదేళ్ల కిందట, పంతొమ్మిదేళ్ల వయసులో, సెలవులకి సొంతూరు కియాగో వెళ్లి, చిన్నాన్న పడవెక్కి, తిరిగి రాలేదు. ఈ ప్రోగ్రామ్ పుట్టిందే ఆ కుర్రాడి చావులోంచి. కియాగో రేవు సంగతులు మాస్టారు ఒక్కరే చూసుకునేవారు, మిగతావాళ్లు తలదూర్చేవాళ్లు కాదు. పుండు మీద వేలెందుకు పెట్టాలని అందరూ తప్పుకునేవాళ్లు.

అకేయో సింబాలోకి వెళ్లి ఆ ఫైలు తెరిచింది. పైన కుర్రాడి పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు. అంతవరకే చదివింది. ఆ కింద ఇంకేదో ఉన్నా చూడబుద్ధి కాలేదు. పోయిన పిల్లాడి గుడిసెలో దూరి సామాన్లు వెతికినట్టు అనిపించి మూసేసింది. తండ్రి కొడుక్కి కట్టుకున్న సమాధి అనుకుంది. చనిపోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి పెట్టుకునే జాతి వాళ్లది. పేరు పెట్టడానికి మనవడు లేని మనిషి ఫైలుకి పెట్టుకున్నాడనుకుంటే అందులో ఆశ్చర్యమేముంది?

అయినా అడిగి తీసేయడం మర్యాద అనుకుని ఆ ఆదివారం నారింజపళ్లు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది. మాస్టారి చేతికి గొట్టాలున్నాయి. పక్కన ఆయన భార్య పెనీనా ఉంది, కియాగో నుంచి రెండు రోజుల కోసం వచ్చింది. పెనీనా అని పేరే గాని, కొడుకు ఉన్నన్నాళ్లూ ఊళ్లో అందరూ ఒపొండో వాళ్లమ్మ అనే పిలిచేవాళ్లు. ఆవిడ అకేయో తెచ్చిన పండే ఒలిచి అకేయో చేతిలోనే పెట్టింది.

అకేయో నోటిదాకా వచ్చింది ఆ పేరు. తల్లి ఎదురుగా కూర్చుని ఉండగా, మీ అబ్బాయి వరస తీసెయ్యొచ్చా అని ఎలా అడుగుతుంది? 

“ఇల్లు సర్దేశాను మాస్టారూ. గేటు దగ్గర పాతవి కొన్ని మిగిలాయి...” అని నసిగింది.

ఆయన కళ్లు తెరిచారు. “ఇల్లు ఎటు తిప్పి కట్టినా నాకేం పట్టింపు లేదు. పిలుపు మాత్రం మానకు తల్లీ. పిలుపు ఆగిందంటే మనిషి పోయినట్టే.”

“మాననండీ. రోజూ పిలుస్తాను,” అంది అకేయో కళ్లనీళ్లతో. రోజూ ఫోన్ చెయ్యమంటున్నారనుకుంది పిచ్చిపిల్ల.

సోమవారం గేటు దగ్గర ఆ వరస తీసేసింది. సింబాలో ఫైలు జోలికి మాత్రం పోలేదు. గుడిసె ఉంది, గుడిసె మీద పేరుంది, మాస్టారు చూసినా నొచ్చుకోరు అనుకుంది. తన సున్నితానికి తనే కాస్త మెచ్చుకుంది కూడా. పరీక్షలు నడిపితే అన్నీ పచ్చగా వచ్చాయి, నలభై ఒక్క రేవులకి నలభై ఒకటీ హాజరు. ఇల్లు అలకగానే పండగ కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మాట మాత్రం నిలబెట్టుకుంది. రోజూ నాలుగు గంటలకి మాస్టారికి ఫోన్ చేసింది, ఒక్కరోజు మానలేదు. ఫిబ్రవరి మూడోవారంలో ఓ రోజు ఫోన్ పెనీనా ఎత్తింది. ఏమీ చెప్పకుండా ఏడ్చింది.

మాస్టారిని కియాగోలో, ఆయన ఇంటి ఆవరణలోనే పూడ్చారు. అకేయో, ఒయుగి పడవెక్కి వెళ్లొచ్చారు. ఇంటి వెనక గుట్ట మీద పొడుగాటి గడకర్ర ఒకటి పాతి ఉంది. ఇదేమిటని ఎవర్నైనా అడగాలనుకుంది అకేయో. ఆ ఏడుపుల్లో మరిచిపోయింది.

మార్చిలో రెండో మంగళవారం మధ్యాహ్నం మూడింటికి గాలి లేచింది. నలభై రేవుల్లో ఫోన్లు మోగాయి, నలభై రేవుల పడవలూ ఒడ్డు చేరాయి. ఆఫీసులో మందాజీలు తెప్పించుకుని తిన్నారు. కొత్త ఇల్లు మొదటి వానకి కురవలేదని ఒయుగి అకేయో భుజం తట్టాడు.

మర్నాడు పొద్దున అతనే ఫోన్ పెట్టేసి తల పట్టుకుని కూర్చున్నాడు. “కియాగోలో పడవ బోల్తాపడింది. ముగ్గురు.”

“కబురు వెళ్లలేదా?”

“అక్కడ ఫోన్లకి సిగ్నల్ ఉండదుగా. గుట్ట మీద మాస్టారి భార్య దగ్గర రేడియో ఉంటుందట. అది పలికితే ఆవిడ గడకర్రకి ఎర్రగుడ్డ ఎగరేస్తుంది, పడవలు చూసి వెనక్కొస్తాయి. నిన్న ఎగరెయ్యలేదు. నిద్రపోయిందంటున్నారు పాపం. ముసలి ప్రాణం, మొగుడు పోయిన దుఃఖం...”

అకేయో అతని మాట పూర్తికాకముందే హాజరుపట్టీ తెరిచింది. మంగళవారం, మూడు గంటలు. నలభై. నెల వెనక్కి వెళ్లి చూసింది. నలభై. ఆమె గేటు సర్దిన సోమవారం దాకా వెళ్లింది. అంతకుముందు రోజు నలభై ఒకటి.

అప్పుడు సింబాలో ఫైలు తెరిచి, పేరూ తేదీలూ దాటి కిందికి చదివింది. తొమ్మిది వరసలు. కియాగో పేరు హాజరులో రాయించు. ప్రమాదమైతే ఫోన్లకు కాదు, గుట్ట మీది రేడియోకి చెప్పు. అంతే. సమాధి కాదది. ఆ గుడిసెలో మనిషి మేలుకుని కూర్చుని ఉన్నాడు, గేటు దగ్గర ఎవరో పేరుపెట్టి పిలిస్తే లేచి పరిగెత్తడానికి.

మరి పరీక్షలో నలభై ఒకటి ఎలా వచ్చాయి? పరీక్ష రాసింది మాస్టారు. తన కొడుకు పనిచేస్తున్నాడా లేదా చూసుకోవడానికి ఆ పరీక్షే నేరుగా వాణ్ణి పిలుస్తుంది. పరీక్ష పిలిచినప్పుడు వచ్చాడు. అసలు పనివేళ పిలిచేవాళ్లు లేక పడుకున్నాడు. వానల్లేని రోజుల్లో రేడియో మూగగా ఉంటే అది మామూలే అనుకున్నారు కియాగోలో.

అకేయో ఆ వరస మళ్లీ రాసింది. నలభై ఒకటి. తర్వాత ఒయుగికి అంతా చెప్పింది.

అతను లేచి తలుపు మూశాడు. “ఎవరికీ చెప్పకు. చెప్పి ఏం చేస్తావు, పోయినవాళ్లు లేచొస్తారా? ఇరవై రేవులు మన మీద నమ్మకంతో చూస్తున్నాయి. ఇది బయటపడితే నీ మాట దేవుడెరుగు, ప్రోగ్రామ్ మూతపడుతుంది.”

“అంతా ఆవిడ నిద్రపోయిందంటున్నారు.”

“అంటే ఏమైంది? ఆవిణ్ణి ఎవరూ కొట్టరు, తిట్టరు. పెద్దదని జాలిపడతారు.”

“జాలిపడుతూనే చంపేస్తారు సార్,” అంది అకేయో. తను చేసిందీ జాలితోనే కదా అని ఆ మాట నోట్లోంచి వచ్చాక తట్టింది. ఆమె బ్యాగు తీసుకుని మెట్లు దిగింది. ఒయుగి పైనుంచి రెండుసార్లు పిలిచాడు గాని పట్టుకుని ఆపలేదు.

బోండో దాకా మతాటు వ్యానులో, అక్కణ్ణుంచి రేవుకి మోటారుబైకు మీద, తర్వాత గంటసేపు పడవలో వెళ్లింది. నీళ్లు ఏమీ ఎరగనట్టు పడుకుని ఉన్నాయి. పడవ నడిపేవాడు దారిపొడుగునా అదే చెప్పాడు, మాస్టారి భార్య కునుకు తీసిందట, ఎవరైనా ఏం చేస్తారు, పెద్దదైపోయింది, ఇక రేడియో వేరేవాళ్లకి ఇచ్చెయ్యాలి అని. అకేయో పడవ చెక్క గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పెనీనా రేడియో పక్కన నేల మీద కూర్చుని ఉంది. నిన్నటి నుంచి అక్కణ్ణుంచి లేవలేదని తోటికోడలు చెప్పి బయటికి వెళ్లింది. ముందున్న పళ్లెంలో కుయోన్ ముద్ద ఎండి పగిలింది. అకేయోని చూసి ఆవిడ లేవబోయింది.

“రా తల్లీ. ఆయన పోయాక కూడా వచ్చావు,” అని, “నిద్రపోయానమ్మా,” అంది. “నాకు గుర్తులేదు. కూర్చునే ఉన్నాను, ఒమెనా చేపలు ఏరుతున్నాను. కళ్లు మూసినట్టు నాకు తెలీదు. కానీ అందరూ అంటున్నారంటే పోయే ఉంటాను. ఆ ముగ్గురూ మావాడితో ఆడుకున్నవాళ్లే.”

అకేయో ఆవిడ ముందు కూలబడింది. “మీరు నిద్రపోలేదమ్మా. రేడియో పలకలేదు. నా వల్ల పలకలేదు.”

పెనీనాకి కోడు తెలియదు. అకేయో మాస్టారు గీసిన ఇంటి బొమ్మే నేల మీద వేలితో గీసి చెప్పింది. ఇది గేటు. ఇది గుడిసె. గేటు దగ్గర రోజంతా, పది నిమిషాలకోసారి, ఒపొండోని పిలిచే పిలుపు ఒకటుండేది. వాడొచ్చి ఈ రేడియోకి చెప్పేవాడు. ఆ పిలుపు నేను తీసేశాను.

“వాణ్ణా?” అంది పెనీనా. “ఇన్నేళ్లూ నాకు కబురు చెబుతున్నది వాడా?”

“వాడి పేరేనమ్మా.”

ఆవిడ రేడియో వైపు చూసింది. మొహంలో ఏ కోపమూ లేకపోవడం చూసి అకేయోకి భయమేసింది.

“మరెందుకు తీసేశావు?”

“ఎవరూ వాడటం లేదనుకున్నాను. ఆస్పత్రిలో అడుగుదామనే వచ్చాను. మీ ముందు ఆ పేరు ఎత్తలేకపోయాను. మీకు బాధనిపిస్తుందని...”

అప్పుడు వచ్చింది ఆవిడకి కోపం. “మీ జాలి తగలెయ్య! తొమ్మిదేళ్లుగా అందరిదీ ఇదే వరస. నేను కనబడితే నోళ్లు కట్టేసుకుంటారు. నా కొడుకు పేరు ఈ ఊళ్లో ఒక్కడూ ఎత్తడు, నేను ఏడుస్తానని. ఏడిస్తే ఏడుస్తానే, చస్తానా? ఆయనొక్కడే పిలిచేవాడు. పొద్దున లేస్తే వాడి పేరు, రాత్రి పడుకుంటే వాడి పేరు. అడిగితే నీ నోరు పడిపోయేదా? ఒక్క మాట! ముగ్గురు పిల్లలు బతికేవాళ్లు!”

అకేయో ఏడ్చింది. క్షమించమనలేదు. ఆ మాట ఆ ముగ్గురి ముందు ఎంత చిన్నదో ఆమెకు తెలుసు. పెనీనా కూడా ఏడ్చింది, బిగ్గరగా, ఒపొండో ఒపొండో అని పేరుపెట్టి ఏడ్చింది. బయటి నుంచి తోటికోడలు తొంగిచూసి వెనక్కి తగ్గింది.

చాలాసేపటికి పెనీనా మొహం తుడుచుకుని, రేడియోని తోటికోడలికి అప్పగించి, గోడకానుకుని లేచింది.

“నాకు చెప్పావు. ఇక్కడితో ఆగితే నిద్రపోయినదాన్ని నేనే అవుతాను. పద, మూడు ఇళ్లూ చూపిస్తాను.”

“వాళ్లు నన్ను...”

“ఏమైనా అంటారు. అననీ. పద.”

మొదటి ఇల్లు రేవు మలుపులోనే ఉంది. చుట్టూ యుఫోర్బియా మొక్కల కంచె, మధ్యలో గేటు. గేటుకి అవతల పెద్ద ఇల్లు, గేటు పక్కనే పెళ్లికాని కొడుకు గుడిసె, తలుపు మూసి ఉంది. ఎవరో ముంగిలి ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. పెనీనా నాలుగడుగులు వెనకే ఆగిపోయింది.

“నేను పిలవను. నువ్వే పిలువు.”

అకేయో గేటు కర్ర పట్టుకుంది. “ఏమని పిలవాలమ్మా?”

“పోయినవాడి పేరుతోనే. ఒడేరా వాళ్లమ్మా అని పిలువు. ఆ పేరు మింగేశావంటే ఊరుకోను.”

పెనీనా కదల్లేదు, సాయమూ చెయ్యలేదు.

“ఒడేరా వాళ్లమ్మా!” అని పిలిచింది అకేయో.

లోపల చీపురు చప్పుడు ఆగింది.